గోడమీద నూట పంతొమ్మిది చేతులు

ఈ పరాయి దేశంలో, ట్రుగనీనా అనే ఊళ్ళో మా మనవరాలు చదివే బడి గోడ పొడవు పద్దెనిమిది మీటర్ల నలభై సెంటీమీటర్లు. నేనే టేపు పెట్టి కొలిచాను. దానిమీద ఒక నది బొమ్మ వేయించారు. నదీ, అందులోని చేపా, ఒడ్డునున్న చెట్టూ, మనిషీ ఒకే కుటుంబమని ఈ నేల తొలి ప్రజలు తమ పిల్లలకు చెప్పుకునే మాట. ఆ మాట చెబుతూ బొమ్మ గీసిన వారి పెద్దావిడను బడిలో అందరూ ఆంటీ అనేవారు. మనవాళ్ళ వాడుకే అక్కడికీ పాకిందనుకున్నాను. అది వారు తమ పెద్దలకిచ్చే గౌరవమని తరువాత తెలిసింది.

నది గట్టు పొడవునా రంగు అద్దిన అరచేతుల ముద్రలు, ఒకదాని వేలు మరొకదానికి తగిలేలా. పిల్లలవీ వారి ఇంటి పెద్దలవీ కలిపి నూట ఇరవై ఉండాలి. సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాణ్ణని ఆ లెక్క నాకప్పగించారు. గురువారం మా ఆవిడ కొంగు దోపుకుని, పసుపుపచ్చ రంగులో చేయి ముంచి అద్దింది. అందరివీ అయ్యాక మూడుసార్లు లెక్కపెట్టాను. నూట పంతొమ్మిదే. ఆమె చేతికీ మనవరాలి చేతికీ నడుమ పదకొండు సెంటీమీటర్ల ఖాళీ. "ఒకటి తక్కువ. సరిచేయవలెను" అని నా లెక్కల పుస్తకంలో ఎర్రసిరాతో రాసి, ఆంటీకి చూపించబోయాను.

"తాతయ్యా, అది మిస్టేక్ కాదు. దట్స్ యువర్ స్పాట్!" అంది మనవరాలు.

మా ఆవిడ పగలబడి నవ్వింది. "ఊరందర్నీ లెక్కెట్టి మిమ్మల్ని మీరే మర్చిపోయారా? నేనే అట్టేపెట్టమన్నానండీ. రండి, రంగు ఆరిపోతోంది."

"చొక్కా పాడవుతుంది. సోమవారం పాతది వేసుకొస్తాలే."

"మీ సోమవారాలూ మీరూనూ!"

ఆదివారం ఉదయం ఆమె గుండె ఆగింది.

పదకొండో రోజు దాటాక బడికి వెళ్ళాను. వానకు రంగు చెదరకుండా అప్పటికే గోడంతటికీ అద్దంలాంటి గట్టి పూత పూసేశారు; దానిమీద ఇక కొత్త రంగు అంటదు. ఆంటీ నా చేయి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ ఖాళీ మేరకు పూత గీకి నా ముద్ర వేయిద్దామంది. స్కేలు పెట్టి చూశాను. మా ఆవిడ చిటికెనవేలి కొస, నా చేయి పట్టేందుకు గీకాల్సిన మేరలోకి రెండు మిల్లీమీటర్లు వచ్చి ఉంది. గీకితే అది పోతుంది. వద్దన్నాను.

శుక్రవారాలు మనవరాలి కోసం వెళ్ళినప్పుడు ఇప్పటికీ లెక్కపెడతాను. నూట పంతొమ్మిదే. పుస్తకంలో "సరిచేయవలెను" అన్న మాట కొట్టివేశాను. "ఒకటి తక్కువ" అన్నది అలాగే ఉంచాను.