అమ్మన్న ఎర్తు

అమ్మన్నకి కరెంటు మీద ఎంత అనుమానమో, మనుషుల మీద అంతకు రెట్టింపు. ముప్ఫై ఒక్క ఏళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగినవాడు. యానాంలో ఆయన విప్పని ఫ్యూజు లేదు, ఆయన చేత తిట్లు తినని ఇల్లుగలాయన లేడు. రిటైరై ఆరేళ్ళయినా ఆయనుండే దరియాలతిప్పలో ఎవరింట్లో బల్బు మినుకుమన్నా ముందు ఆయనకే కబురొస్తుంది. వెళ్తాడు, స్విచ్చుబోర్డుని దొంగని చూసినట్టు చూస్తాడు, చెయ్యి తిరగేసి వేళ్ళ వెనకవైపుతో తాకుతాడు. అరచేత్తో ముట్టుకుంటే, అందులో కరెంటుంటే, చెయ్యి ముడుచుకుపోయి దాన్నే పట్టుకుంటుంది. తిరగేసి ముట్టుకుంటే ఎడంగా గుంజుకుంటుంది. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, గేటు గొళ్ళాన్నీ మంచినీళ్ళ చెంబునీ కూడా ఆయన అలాగే ముట్టుకుంటాడు.

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో లక్ష్మణరావు అని పెద్ద లైన్‌మన్ ఉండేవాడు, అమ్మన్నకి పని నేర్పినాయన. ఒక వర్షాకాలం సాయంత్రం లైను ఆపేశామని ఎవరో కిందనుంచి అరిస్తే నమ్మి వైరు పట్టుకున్నాడు. లైను ఆగలేదు. కిందకి దింపిన మనిషిని అమ్మన్నే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఎవరి మాటా నమ్మలేదు. కళ్ళతో చూసినా నమ్మేవాడు కాదు. టెస్టరు పెట్టి చూస్తేనే నమ్మేవాడు.

ప్రపంచం మొత్తంలో ఆయన టెస్టరు పెట్టకుండా నమ్మింది ఒకటే ఉంది. అది ఆయన పాతిన ఎర్తు. పద్నాలుగేళ్ళ కిందట ఈ ఇల్లు కట్టినప్పుడు పెరట్లో స్నానాలగది గోడ పక్కన మనిషి లోతు గొయ్యి తవ్వి, ఇనప పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి కప్పాడు. ఇంట్లో ఏ యంత్రంలో కరెంటు దారి తప్పి పై ఇనప రేకులోకి వచ్చినా, ఆ పైపు దాన్ని నేలలోకి లాగేస్తుంది, మనిషి జోలికి రానివ్వదు. ప్రతి ఎండాకాలం దానికి బిందెడు నీళ్ళు పోసేవాడు. వీధిలో ఉప్పుచేప పెట్టే ఇళ్ళల్లో మిగిలిపోయిన కల్లుప్పు అడిగి తెచ్చి, దోసిళ్ళతో అందులో వేసేవాడు. ఉప్పు ఎంతుంటే ఎర్తు అంత చల్లగా ఉంటుందని ఊరంతా చెప్పేవాడు. దరియాలతిప్పలో ముప్ఫై ఇళ్ళ పైచిలుకు ఆయన చేత ఎర్తు పెట్టించుకున్నవే. దాన్ని అమ్మన్న ఎర్తు అనే అంటారు.

అటువంటి ఇంట్లోకి మైక్రోవేవ్ ఓవెన్ వచ్చింది.

తెచ్చింది కోడలు ప్రసన్న. అడవిపొలం ఊరి అమ్మాయి, ప్రైవేటు స్కూల్లో టీచరు. పొద్దున్న ఏడున్నరకి ఐదేళ్ళ కూతురు ధనశ్రీని వెంటబెట్టుకుని వెళ్తే సాయంత్రం నాలుగింటికి వస్తుంది. కొడుకు వీరబాబు రొయ్యల చెరువుల మీద ఉంటాడు, ఎప్పుడొస్తాడో రొయ్యలకే తెలియాలి. మధ్యాహ్నం అమ్మన్న ఒక్కడూ చల్లారిన కూర తింటున్నాడని ఆ అమ్మాయి ఓవెన్ కొన్నది. అమ్మన్న అలా అనుకోలేదు. మొన్నామధ్య ఒకసారి గ్యాసు పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయాడు. అది మనసులో పెట్టుకుని, ముసలాడి చేతికి అగ్గిపెట్టె ఇవ్వకూడదని కొన్నదని ఆయన లెక్క.

కోడలి మీద ఆయనకి ఇంకా చాలా లెక్కలున్నాయి. రెండేళ్ళుగా ఆ పిల్ల వంటింట్లో రబ్బరు చెప్పులేసుకుని తిరుగుతోంది. దేవుడి పటాలున్న వంటింట్లో! చదువుకున్న పొగరనుకున్నాడు. నోటితో ఒక్క మాటా అనలేదు గానీ, ఆమె మంచినీళ్ళు తెచ్చిస్తే మొహం అటు తిప్పి అందుకునేవాడు. చిన్నదాన్ని ఫ్రిజ్జు ముట్టుకోనివ్వదు, ఏది కావాలన్నా తనే తీసిస్తుంది. ఫ్రిజ్జులో తిండి పడదని ఆయనెలాగూ దాని జోలికి పోడు. కన్నకూతురి తిండి దగ్గర కూడా పిసినారితనమా అనుకున్నాడు.

ఓవెన్ రెండు రోజులు అట్టపెట్టెలోనే ఉంది. కంపెనీ మనిషి వచ్చేదాకా విప్పడానికి వీల్లేదన్నాడు అమ్మన్న. ఈలోపు పెట్టె సందులోంచి పుస్తకం మాత్రం లాగి, కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. అందులో సగం హెచ్చరికలే.

"నిప్పు లేదు, సెగ లేదు, కూర మాత్రం పొగలు కక్కుద్దంట. ఏదో దాస్తన్నారు," అన్నాడు.

"దాయడానికేముందండి మావయ్యగారండీ, అందరిళ్ళల్లోనూ ఉన్నాయి కదండి," అంది ప్రసన్న.

"అందరిళ్ళల్లోనూ అమ్మన్న లేడు."

ఆ మాట కూడా నిజమే, కాదనకూడదు. ఫ్రిజ్జు పక్కనున్న చిన్న ప్లగ్గుకి జంక్షన్ బాక్సు తగిలించి ఓవెన్ పెడదామని ప్రసన్న అంటే, ఒక్క అరుపు అరిచి ఆపాడు. అంత కరెంటు లాగే యంత్రం చిన్న ప్లగ్గుకి పెడితే వైరు లోపలే ఉడికిపోతుంది. మెయిను బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగి, పదహారు ఆంపియర్ల పెద్ద ప్లగ్గు తనే బిగించాడు. రాతిబల్ల మీద గోడకి జానెడు ఎడం కొలిచి ఓవెన్ చోటు గుర్తు పెట్టాడు. ఓవెన్ మీద కప్పుదామని ప్రసన్న అల్లిన లేసు గుడ్డ తెస్తే, గాలి ఆడే కన్నాలు మూసుకుపోతాయని అదీ వద్దన్నాడు. పని విషయంలో అమ్మన్న మాటకి వంక పెట్టడానికి లేదు. అదే ఆయన్ని అంతవాణ్ణి చేసింది.

ఆదివారం పొద్దున్న కంపెనీ మనిషి వచ్చాడు. పేరు ఫ్రాన్సిస్, యానాం టౌనే, నలభై అయిదు దాటినవాడు. నవ్వుమొహం. నవ్వుమొహం వాళ్ళంటే అమ్మన్నకి ఇంకాస్త అనుమానం. బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, అతని చేతుల్నే చూస్తున్నాడు.

ఫ్రాన్సిస్ పెట్టె విప్పి, ఓవెన్‌ని బల్ల మీద పెట్టి, తలుపు తీసి మూసి చూశాడు. లోపలి గాజు పళ్ళెం సరిగ్గా తిరుగుతోందో లేదో చూశాడు.

"చెల్లెమ్మా, స్టీలు గిన్నె పెట్టకూడదండి, నిప్పురవ్వలొస్తాయి. బంగారు గీతలుంటాయి చూడండి పింగాణీ ప్లేట్లకి, అయ్యీ వద్దు. కోడిగుడ్డు పెంకుతో పెట్టారంటే పేలిపోద్ది. మూత బిగించేసి ఏదీ పెట్టకండి, లోపల ఏమీ లేకుండా ఉత్తినే తిప్పకండి."

"ఇన్ని వద్దులుంటే ఇంక పెట్టేదేంటి, నీ మొహం?" అన్నాడు అమ్మన్న.

"అన్నం, కూర, పాలు, చాలదేంటండి బాబాయ్‌గారూ!" అని నవ్వాడు ఫ్రాన్సిస్. గాజుకప్పులో నీళ్ళు పోసి లోపల పెట్టి, ఒక నిమిషం తిప్పాడు. ఓవెన్ గుయ్యిమంది, దీపం వెలిగింది, పళ్ళెం తిరిగింది. నీళ్ళు వేడెక్కాయి. అంతా బాగానే ఉంది. వెళ్ళబోతూ, మనిషి పద్ధతైనవాడు కాబట్టి, టెస్టరు తీసి ఓవెన్ పైరేకుకి ఆనించాడు.

టెస్టరులో ఎర్రటి దీపం వెలిగింది.

"చెప్పానా!" అమ్మన్న కుర్చీలోంచి లేచాడు. ఆ సంబరం చూడాలి. రెండు రోజుల అనుమానం పండింది. "కొత్త యంత్రంలోంచి కరెంటు బయటకొత్తంది! కట్టు, పట్టుకెళ్ళిపో. ఇట్టాంటివి ఎన్నిళ్ళల్లో పెట్టేవయ్యా నువ్వు?"

ఫ్రాన్సిస్ నవ్వు ఆగిపోయింది. ఓవెన్ ప్లగ్గు పీకాడు. పక్కనే ఉన్న ఫ్రిజ్జు తలుపు ఇనుముకి టెస్టరు పెట్టాడు. అక్కడా వెలిగింది, ఇంకా గట్టిగా వెలిగింది.

"బాబాయ్‌గారూ, తప్పు ఓవెన్‌ది కాదండి. ఫ్రిజ్జు లీకవుతోంది. ఎర్తు వైరు అన్నిటికీ ఒకటే కాబట్టి ఓవెన్‌కీ వచ్చేసింది. మీ ఎర్తు పనిచెయ్యట్లేదండి."

అమ్మన్న మొహం ఎర్రబడింది.

"ఎవరి ఎర్తు?"

"ఆయ్, మీదేనండి."

"ఒరేయ్, నువ్వు నిక్కర్లేసుకునేప్పటికే నేను ఎర్తులు పాతేను. నీ టెస్టరు పాడైంది."

ఫ్రాన్సిస్ సంచీలోంచి వైర్లు తగిలించిన బల్బు ఒకటి తీసి, ఆయన చేతికే ఇచ్చాడు. "మీరే చూడండి. నా మాటెందుకు?"

ఆ దీపంతో పరీక్ష చెయ్యడం అమ్మన్నకి అన్నం కలుపుకున్నంత తేలిక. పెద్ద ప్లగ్గులో కరెంటు కన్నానికీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టాడు, బల్బు భగ్గున వెలిగింది. ఎర్తు బాగుంటే అలాగే వెలగాలని కరెంటు కన్నానికీ ఎర్తు కన్నానికీ మధ్య పెట్టాడు. వెలగలేదు. వైరు తిప్పి పెట్టాడు. వెలగలేదు. గోడలో తన చేత్తో నిన్న బిగించిన స్క్రూలు విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ పెట్టాడు. బల్బు చచ్చినట్టు ఉంది.

తర్వాత గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఫ్రాన్సిస్ సాయం వస్తానంటే వద్దని చెయ్యి ఊపాడు. సిమెంటు మూత తీసి, తడి ఉప్పుమట్టి తవ్వాడు. మోచేతి లోతు తవ్వేసరికి ఎర్తు వైరు చేతికి తగిలింది. పట్టుకుని కొంచెం లాగాడంతే, మొత్తం పైకి వచ్చేసింది. చివర తుప్పు పట్టిన క్లాంపు, క్లాంపులో వేలెడు పైపు ముక్క. దాని కింద పైపు లేదు. పైపు ఉండాల్సిన చోట ఎర్రటి బురద ఉంది.

"ఉప్పు ఎక్కువైపోయిందండి," అన్నాడు ఫ్రాన్సిస్ మెల్లిగా. "మన నేలలోనే బోలెడు ఉప్పుంది కదండి, పైనుంచి ఇంకా వేస్తే ఇనుమేం ఆగుద్ది? ఎప్పుడు పోయిందో ఏమో."

"రెండేళ్ళయిందండి," అంది ప్రసన్న.

ఇద్దరూ తిరిగి చూశారు. ప్రసన్న వెనక గుమ్మంలో నిలబడి ఉంది, కాళ్ళకి రబ్బరు చెప్పులు. చిన్నదాని చెయ్యి పట్టుకుని ఉంది.

"మొదట నాకే ఫ్రిజ్జు ముట్టుకుంటే జివ్వుమనేదండి. చెప్పులేసుకుంటే తెలిసేది కాదు, అందుకే వేసుకుంటన్నానండి. ఓసారి పాపకీ కొట్టింది. అప్పట్నుంచి దాని దగ్గరికి రానివ్వట్లేదండి."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పానండి మావయ్యగారండీ. రెండుసార్లు చెప్పాను. తడిచేత్తో ముట్టుకుని ఉంటావు, అది అమ్మన్న పెట్టిన ఎర్తు అన్నారండి. ఆయనతో కూడా చెప్పాను. మా నాన్నకంటే నీకు తెలుసా అన్నారు."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఉంటే అమ్మన్నకి బాగుండేది, తిరిగి అరవడానికి ఒక దారి దొరికేది. ఆయన చేతిలో ఆ వేలెడు పైపు ముక్క ఉంది. రెండేళ్ళు ఆ ఇంట్లో పసిపిల్ల తిరిగింది. రెండేళ్ళు తను ఆ చెప్పుల వంక చూసి మొహం తిప్పుకున్నాడు. లైను ఆపేశామని కిందనుంచి అరిచిన ఆ మనిషిని అమ్మన్న ఏనాడూ క్షమించలేదు. ఇప్పుడు తనే ఆ మనిషయ్యాడు. గొయ్యి గట్టు మీదే కూర్చుండిపోయాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఆ ఇంటి గోడలకి కూడా కొత్త.

మధ్యాహ్నం లోపు ఫ్రాన్సిస్ టౌనుకెళ్ళి రాగిపూత కడ్డీ తెచ్చాడు. ఇద్దరూ కలిసి పాత గొయ్యికి దూరంగా, ఉప్పు గింజ కూడా వెయ్యకుండా పాతారు. ఫ్రిజ్జు ప్లగ్గు పీకి, బాగుచేసేవాడు వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారు. కరెంటు లీకైతే దానంతట అదే ఆగిపోయే బ్రేకరు కూడా మెయిను బోర్డులో పెట్టారు. అమ్మన్న ఈసారి ఫ్రాన్సిస్ చేతుల వంక అనుమానంగా చూడలేదు, తన చేతుల వంకే చూసుకున్నాడు. తను ఎర్తు పెట్టిన ఇళ్ళ పేర్లు ధనశ్రీ నోటుపుస్తకం చివరి కాగితం మీద రాసుకున్నాడు. ముప్ఫై నాలుగు తేలాయి. రేపట్నుంచి గుమ్మం గుమ్మం ఎక్కి, నేను చెప్పింది తప్పు, ఉప్పు పొయ్యకండి, మీ ఎర్తు ఓసారి చూడనివ్వండి అని అడగాలి. అందులో సగం మంది నవ్వుతారు. నవ్వనీ అనుకున్నాడు.

ఫ్రాన్సిస్ వెళ్ళాక ఓవెన్‌లో మళ్ళీ కప్పుతో నీళ్ళు పెట్టాడు. స్విచ్చు వేశాడు. టెస్టరు పైరేకుకి ఆనించాడు, వెలగలేదు. తలుపుకి పెట్టాడు, వెలగలేదు. ప్లగ్గులో కరెంటుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి చూశాడు, కరెంటు ఎర్తులోకి పోగానే కొత్త బ్రేకరు టక్కున పడింది. దాన్ని మళ్ళీ ఎక్కించాడు.

"అంతా బాగుందమ్మా. ఇంక భయం లేదు. రా, ముట్టుకుని చూడు."

ప్రసన్న గడప దాటలేదు. ఓవెన్ వంక చూసింది, మావగారి వంక చూసింది. ముందుకు పరిగెత్తబోయిన కూతురి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇంకోసారి చూడండి మావయ్యగారండీ," అంది.

అమ్మన్న టెస్టరు తీసుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.