గాజు దాటని ఎండ

పోయిన నెల మా వీధి చివర మందుల అంగట్లో నేనొక బేరం చిత్తుగా ఓడిపోయాను. మోకాళ్ల నొప్పులని పోతే డాక్టరమ్మ రక్తం తీయించి, ఒంట్లో విటమిన్ డి బాగా తగ్గిపోయిందని, వారానికొక పొట్లం పాలలో కలుపుకొని తాగమని చీటీ రాసిచ్చింది. మార్కాపురంలో పుట్టి, గిద్దలూరులో కాపురం చేసి, ఈ రెండు ఊళ్ల ఎండ తప్ప మరేదీ దండిగా ఎరగని నాకు ఎండ తక్కువైందంటే ఎట్లా నమ్మేది? రోజూ పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని, ఒళ్లంతా ఎండ పడేట్టు కూర్చొని పేపరు చదువుతానని గట్టిగానే వాదించాను. ఆమె నా వాదనంతా తలూపుతూ విని, తరువాతి మనిషిని లోపలికి రమ్మంది.

మందుల అంగట్లో పొట్లం వెనక ధర చూసేసరికి నా ప్రాణం చివుక్కుమంది.

"ఏమయ్యా, బయట ఊరికే కాసే ఎండను పొట్లాలు కట్టి అమ్ముతున్నావే, కాస్త తగ్గించరాదా?"

"బయటదే తీసుకోపో పెద్దమ్మా. దానికి నేను బిల్లు కూడా అడగను."

బట్టల అంగట్లో పుట్టిన దాన్ని, అడిగినంతా ఇచ్చి, సంచి పుచ్చుకొని ఇంటికొచ్చాను. ఆ పొట్లాలను బల్ల మీద పరిచి చూసుకుంటూ ఉంటే, మార్కాపురంలో మా నాయన అంగడి నడిమింట్లో నేల మీద పడే నలుచదరపు ఎండ కళ్లకు కట్టింది.

మా తరం వాళ్లకు ఆ రకం ఇళ్లు గుర్తుండే ఉంటాయి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు, మీద మట్టి మిద్దె. కిటికీ పెడితే దొంగకు దారి చూపించినట్టేనని మా తాత నమ్మకం కాబట్టి, అంగడి గడప దాటి నడిమింట్లోకి వస్తే పట్టపగలే మసక. చీరలు చూపించేది మాత్రం అక్కడే, పరుపు మీద. ఆ మసకలో చీర రంగు తేలక, కొనేవాళ్లు దాన్ని పట్టుకొని బజార్లోకి పోయి ఎండలో చూసుకునేవాళ్లు. అంతలో ఎదురంగడి ఆయన "ఏమక్కా, ఇట్ల రా" అని పిలవడం, మనసు మారడం, మా చీర మాకు వాపసు రావడం మామూలైపోయింది. మా నాయన రెండేళ్లు ఓర్చుకొని, మూడో ఏట నడిమింటి మిద్దెకు మూడడుగుల చదరం రంధ్రం కొట్టించి, చెక్క చట్రంలో మందపాటి గాజు బిగించాడు. ఎండే మా అంగట్లోకి దిగింది, గిరాకీ బయటికి పోవడం ఆగింది. ఊళ్లో అట్లాంటి ఏర్పాటు మాదే మొదటిదని మా నాయన చెప్పుకునేవాడు. కాదని చెప్పడానికి ఎవరూ రాలేదు కాబట్టి నేనూ అదే చెప్పుకుంటున్నాను.

ఆ ఎండ పదిగంటల వేళ పడమటి గోడ మీద నుంచి దిగి, పరుపు మీదుగా నెమ్మదిగా జరిగి, రెండున్నరకు తూర్పు గోడ ఎక్కేది. ఆ చదరంలో సరుకు ఉంచకూడదన్నది కట్టడి. ఒకసారి చిలకాకుపచ్చ చీర ఒకటి మరిచిపోతే, నెల తిరక్కుండానే మడత వెంబడి తెల్లగా చార పడింది. ఆ చీరను మా అవ్వ, అంటే మా నాయన తల్లి, పండగలకు కట్టుకొని తిరుగుతూ మా నాయనకు గుర్తుచేస్తూ ఉండేది.

ఈ చీర సంగతి ఊరికే చెప్పడం లేదు. మా ఇంటిల్లిపాదినీ తప్పుదారి పట్టించింది అదే.

అప్పటికి మా అన్న కూతురికి ఏడాదిన్నర. మా ఇంట్లో మొదటి మునిమనవరాలు. పచ్చగా దబ్బపండులా ఉందని అవ్వకు గొప్ప. రంగు పోయే సరుకును ఎండలో పెట్టకూడదన్నది మా ఇంటి వృత్తి ధర్మం కదా, అవ్వ దాన్ని పిల్లకు కూడా వర్తింపజేసింది. పుట్టింది మొదలు ఆ బిడ్డను నీడ దాటనివ్వలేదు. అట్లా పెరిగిన పిల్ల ఏడాదిన్నరకు కూడా నిలబడలేదు. నిలబెడితే కాళ్లు విల్లులాగా బయటికి వంగిపోయి, ఏడ్చి కూర్చునేది. మా వదిన ప్రతి శుక్రవారం తలంటి పోశాక పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చీలమండలూ కలిపి పట్టుకొని, మోకాళ్ల నడుమ తన వేళ్లు దూర్చి చూసుకునేది. నాలుగు వేళ్లు పట్టేవి. ఆ చెయ్యి తీసుకొని చీరకొంగుకు తుడుచుకుంటూ లేచిపోయేది.

మా పడమటి ఊళ్ల నీళ్లు ఎముకలకు మంచివి కావన్నది తెలిసిందే కాబట్టి, దోషం నీళ్లదేనని అందరం అనుకున్నాం. చివరికి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు డాక్టరుకు చూపించాం. ఆయన పిల్ల మణికట్లు నొక్కి చూసి, నీళ్ల సంగతి పక్కనపెట్టి, బిడ్డ ఎండ మొహం ఎప్పుడైనా చూసిందా అని అడిగాడు. మా అవ్వ గర్వంగా, చూడలేదని చెప్పింది.

పాలలో సున్నం ఉంటుంది, అది ఎముకకు చేరాలంటే ఒంట్లో విటమిన్ డి ఉండాలి, ఎండ చర్మానికి తగిలితే ఒళ్లే దాన్ని తయారు చేసుకుంటుంది అని ఆయన చెప్పింది నాకు నా భాషలో అర్థమైంది. పాలు ఎన్ని పోసినా సున్నం గుమ్మం దాకా వచ్చి, తలుపు తీసే గుమాస్తా లేక వెనక్కి పోతోంది. ఆ గుమాస్తా ఎండలోంచి రావాలి. ఎముక లేతగా ఉన్నప్పుడే సర్దుకుంటుందని, ఇట్లాగే గట్టిపడితే పిల్ల జన్మంతా ఈ కాళ్లతోనే నడవాలని కూడా ఆయన చెప్పాడు. ముందు చేపనూనె రాశాడు. ఆ మాట వినగానే అవ్వ ముక్కు మూసుకొని బయటికి నడిచింది. అయితే ఎండ అన్నా చూపించండి, రోజూ అర్ధగంట, ఒంటి మీద గుడ్డ లేకుండా, లేత ఎండ కాదు, మనిషి నీడ మనిషి కన్నా పొట్టిగా ఉన్న వేళ ఎండ అన్నాడు.

ఇంటికొచ్చాక బేరం నాకు, అవ్వకు పడింది. వదిన నోరున్న మనిషి కాదు. నేను తప్ప అవ్వతో బేరానికి నిలిచేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

"అర్ధగంటా! బిడ్డను వడియం చేస్తావంటే నువ్వు. ఐదు నిముషాలు."

"ఐదు నిముషాల్లో నీ వడియం తడి కూడా ఆరదే అవ్వా. పాతిక."

"ఏడు."

"డాక్టరు చెప్పిందాంట్లో సగమన్నా ఇయ్యకపోతే ఎట్ల? పదిహేను."

"పది. ఇంక నోరెత్తద్దు."

"పదే కానీ. ఐదు కొసరు ఎయ్యి."

కొసరు అంటే మా ఇంట్లో కాదనరు. కొనేవాడికి కొసరు వేయకపోతే లక్ష్మి అలుగుతుందని చెప్పింది ఆవిడే. అట్లా పదిహేను నిముషాలకు ఖాయమైంది. అయితే ఎక్కడ? మిద్దె మీదికి నిచ్చెన, పైగా చుట్టుపక్కల మిద్దెల మీద ఆడవాళ్లు. బజారు అరుగు మీద పెడితే పిల్ల కాళ్లు ఊరంతా చూస్తుంది. అప్పుడు నాకు తట్టిన ఉపాయానికి ఇంటిల్లిపాదీ నన్ను మెచ్చుకున్నారు. నడిమింట్లో గాజు కింద దిగే ఎండ ఉండనే ఉంది కదా! నీడ పొట్టిగా ఉండే వేళకే అది పరుపు మీద ఉంటుంది. దుమ్ము లేదు, బజారు దిష్టి లేదు, గడప దాటే పని లేదు. "మా అమ్మి బుర్రే బుర్ర" అంది అవ్వ. ఆ మెప్పును నేను మూడు నెలలు అనుభవించాను.

మూడు నెలలూ నేనే కూర్చున్నాను. పిల్లను ఎండ చదరంలో పడుకోబెట్టి, ఎండ జరిగేకొద్దీ పిల్లను జరుపుతూ, పక్కన చీరల బేరాలు వింటూ. చదరం వెచ్చగా ఉండేది. అవ్వ చూడనప్పుడు పదిహేనుకు ఇంకో పదిహేను దొంగకొసరు కూడా వేశాను. పిల్ల రంగు ఒక వన్నె తగ్గింది. మూడో నెల చివరి శుక్రవారం వదిన చెయ్యి పెడితే, నాలుగు వేళ్ల పక్కన బొటనవేలు కూడా దూరింది. అప్పుడు మొదటిసారి ఆమె గట్టిగా ఏడవడం విన్నాను. "రంగూ పాయె, కాళ్లూ పాయె" అని అవ్వ నా మీద విరుచుకుపడింది.

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాం. ఈసారి మా నాయన కూడా వచ్చాడు. ఎక్కడ పడుకోబెడుతున్నారని డాక్టరు అడిగితే నా తెలివినంతా విప్పి చెప్పాను. ఆయన కలం బల్ల మీద పెట్టేశాడు.

"గాజు కిందా?"

మా నాయన ఊరుకోలేదు. "ఎండ దిగుతాంది సార్. ఆడ పెట్టిన చీర నెలకే ఎలిసిపోయింది. కావాలంటే తెచ్చి చూపిస్తా."

"చీర వెలుస్తుందండీ. రంగు తీసే కిరణం గాజులోంచి వచ్చేస్తుంది. వెలుగొస్తుంది, వేడొస్తుంది. విటమిన్ చేసే కిరణం మాత్రం గాజు దగ్గరే ఆగిపోతుంది. మూడు నెలలు ఈ పిల్లకి మీరు చూపించింది ఎండ బొమ్మ."

రంగు చెల్లించాం, సరుకు ముట్టలేదు. తరాలుగా వ్యాపారం చేసిన ఇంట్లో ఇంతకన్నా అవమానం ఉంటుందా? ఆ బేరం కుదిర్చింది నేను. దారి పొడుగునా పిల్లను నేనే ఎత్తుకొని నడిచాను గానీ, వదిన మొహం చూడలేకపోయాను. డాక్టరు ఈసారి పిల్లకు ఒక సూదిమందు కూడా వేశాడు. కాళ్లు బాగుపడింది దానివల్లేనని మా అన్న ఈ రోజుకూ వాదిస్తాడు, ఎండవల్లేనని నేను. రెండూ కలిసి అయ్యుండవచ్చునని లోలోపల ఇద్దరికీ తెలుసు, పైకి ఒప్పుకునేవాళ్లం కాదు.

ఇంటికి రాగానే మా నాయన చొక్కా కూడా మార్చకుండా నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కాడు. కింద అంగట్లో కొనేవాళ్లు ఉండగానే, మేకులు ఊడే చప్పుడు, మట్టి పెళ్లలు రాలడం.

"ఏంది నాయనా, వానొస్తే ఏం గాను? కింద పట్టుచీరలుండాయి!" అని అవ్వ కింద నుంచి అరిచింది.

"మన ఊర్లో వానొస్తే నేనే కొబ్బరికాయ కొడతాలే అమ్మా" అని పైనుంచి మాట వినపడింది.

ఇక్కడ ఒకటి చెప్పుకోవాలి. గాజు తీసినాక ఎండ చదరంలో తేడా ఏమీ కనపడలేదు. అదే కొలత, అదే వెలుగు. చెయ్యి పెట్టి చూస్తే అదే వెచ్చదనం. బట్ట నాణ్యం వేళ్లతో నలిపి చెప్పగలిగిన మా ఇంట్లో వాళ్లెవరికీ, ఈ సరుకులో అసలేదో నకిలీ ఏదో తెలియలేదు. డాక్టరు మాట మీద నమ్మకంతో కొన్న బేరం అది ఒక్కటే. పిల్ల బట్టలు విప్పి పడుకోబెడితే, ముదిరిన వంకర కొనేవాళ్లకు కూడా కనపడుతోందని, పల్చటి పంచె ఒకటి కప్పమంది అవ్వ.

"కప్పితే మళ్లా గాజే గదా అవ్వా."

అవ్వ పంచె మడత పెట్టుకొని లోపలికి పోయింది. పోతూ పోతూ, "మరి నీ రంగు సంగతేందే? రోజూ ఆడ్నే కూర్చుంటివి" అంది.

"నాది గ్యారంటీ రంగులే, పొయ్యేది కాదు" అన్నాను. పెళ్లిచూపుల్లో ఆ గ్యారంటీ ఎంతవరకు పనిచేసిందో వేరే కథ.

ఆ చలికాలమంతా చీరల నడుమ పిల్ల, పిల్ల చుట్టూ బేరాలు. దుమ్ము పడి నాలుగు చీరలు పాడయ్యాయి. ఒక్కటే వాన పడింది, మా నాయన మాట ప్రకారం నిజంగానే కొబ్బరికాయ కొట్టాడు. శుక్రవారాల్లో వదిన చెయ్యి పెట్టి చూసుకోవడం, ఇంటిల్లిపాదీ పని ఉన్నట్టు అటే తిరగడం. బొటనవేలు పట్టడం మానింది. తరువాత చిటికెనవేలు కూడా.

శివరాత్రి దగ్గర పడిన ఒక మధ్యాహ్నం, ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లుండి, చీర అంచు గురించి నేను గట్టి బేరంలో పడి, ఎండ జరిగిన సంగతి మరిచిపోయాను. పిల్ల నీడలో పడింది. నేను జరుపుతానని కాసేపు చూసి ఉంటుంది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి, పక్కనున్న బట్టల తాను పట్టుకొని లేచి నిలబడింది. దాన్నీ వదిలేసింది. ఒకటి, రెండు, మూడు అడుగులు వేసి, ఎండ చదరం మధ్యలో కూలబడి నవ్వింది. నేను ఆ చీర ఎంతకిచ్చానో నాకు గుర్తు లేదు. నా జన్మలో ధర గుర్తులేని అమ్మకం అదే. వంటింట్లోంచి వదిన పరిగెత్తుకొచ్చింది గానీ, పిల్లను ఎత్తుకోలేదు. మళ్లీ లేస్తుందేమోనని గడప దగ్గరే నిలబడిపోయింది.

ఇప్పుడు ఆ అంగడి నడిపేది ఆ పిల్లే. మిద్దె పోయి మూడంతస్తులు లేచాయి. ముందు గోడంతా గాజు, లోపల ఏసీ, చీర రంగు చూడడానికి రకరకాల దీపాలు. ఎండలో చూసుకుంటానని ఎవరూ బయటికి పోరు. వదిన పోయి చాలా ఏళ్లయింది.

పోయిన ఆదివారం నా మేనకోడలు నన్ను చూడడానికి గిద్దలూరు వచ్చింది. నేను మామూలుగా కిటికీ దగ్గర ఎండలో కూర్చొని ఉన్నాను. పొట్లాల సంగతి, డాక్టరమ్మ అన్యాయం, మందుల అంగడి ఆయన పొగరు అన్నీ వరసగా చెప్పుకొచ్చాను. అది అన్నీ విని, లేచి వచ్చి, కిటికీ మీద గోటితో టక్ టక్ మని కొట్టింది.

"అత్తా, ఇదేంది?"

రోడ్డు మీద లారీల దుమ్ము వస్తుందని రెండేళ్ల కింద పెట్టించుకున్న గాజు తలుపు అది. ఆనాటి నుంచి నేను దాన్ని తెరిచింది లేదు. గాజు కథను కనపడిన వాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగిన దాన్ని, రెండేళ్లుగా రోజుకు రెండు గంటలు ఎండ బొమ్మ ముందు కూర్చున్నాను.

అది పొట్లాలు మానవద్దని చెప్పి, నన్ను చెయ్యి పట్టుకొని మిద్దె మీదికి ఎక్కించింది. నీడలు చూసింది. ఇద్దరివీ పొట్టిగానే ఉన్నాయి.

"అర్ధగంట" అంది.

"తల మాడిపోతుందే. ఐదు నిముషాలు."

"పది. ఐదు కొసరు. మాట్లాడద్దు ఇంక."

ఎవరి దగ్గర నేర్చిందని అడగను కూడా లేదు. చుట్టూ చూస్తే ఒక్క మిద్దె మీదా మనిషి లేడు. మా కాలంలో ఎండ కావాలంటే ఇంటికి చిల్లి పెట్టుకోవలసి వచ్చింది, వద్దంటే గడప ఇవతల ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఇంటినిండా ఎండ కనపడుతూనే ఉంటుంది, ఒంటికి తగిలేది ఏ కాస్తో. ఇంటి గాజు, అంగడి గాజు, కారు గాజు. చూపుకు అంతా ఒకటే ఎండ కాబట్టి, పోయిందేదో మనకు తెలియనే తెలియదు.

కాసేపటికి నీళ్ల ట్యాంకు నీడ జరిగి నా కాళ్ల మీదికొచ్చింది. మిద్దె ఆ చివర ఫోనులో మాట్లాడుతున్న మేనకోడలు అది చూసి, నా కుర్చీ జరపడానికి వస్తోంది. రెండడుగులు పక్కకు నేనే జరగగలను. అయినా లేవలేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా అది నడిచి రావడం చూస్తూ కూర్చున్నాను.