వదిన తీసేసిన అద్దం

వెలుతురును పెట్టెలో పెట్టి చూడటం మా వదిన పని. ఆ పెట్టె ఉండేది కంప్యూటర్లో. దాన్ని చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో ఇప్పుడు వెలుతురు ఎంత, మరుక్షణం ఎంత అని యంత్రాల చేత లెక్క కట్టిస్తుంది. గడుల మధ్య బంగారు బద్దలుంటాయి. వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతుంటుందో, బద్ద వెడల్పు ఇంచుమించు అంత. అంత సన్నబడ్డాక బంగారం మామూలుగా మెరవడం మానేసి, తన కొలతను బట్టి ఏదో ఒక రంగును మింగేస్తుంది. ఏ కొలతకు ఏ రంగు పోతుందో, బద్దలు తయారు కాకముందే చెప్పడం వదిన ఉద్యోగం. దీన్ని సిమ్యులేషన్ అంటారు.

ఆ లెక్కలు నడిచే యంత్రాల గదిని నేను చూసుకుంటాను. ఇద్దరి ఉద్యోగమూ ఒకే చోట కావడంతో ఇంట్లో భోజనాల దగ్గర కూడా అవే మాటలు. "మీ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో తెలీదు గానీ, చివరికి గిన్నెలు నాకొస్తాయి" అంటాడు అన్నయ్య.

కొత్త ప్రోగ్రాం ఏది చేతికొచ్చినా వదిన మొదట ఖాళీ పెట్టెలోకి వెలుతురు వదులుతుంది. ఇటు నుంచి వెళ్ళింది అటు పూర్తిగా పోవాలి. గోడలకు తగిలి పిసరంత వెనక్కి వచ్చినా ఆ ప్రోగ్రాంను పక్కన పెడుతుంది. తర్వాత ఒట్టి గాజు పలక పెట్టి, కాగితం మీద చేత్తో కట్టిన జవాబుతో పోల్చి చూస్తుంది. బంగారం జోలికి వెళ్ళేది అదంతా అయ్యాకే. కొత్తగా చేరినవాళ్ళు ఉత్సాహం పట్టలేక రంగురంగుల బొమ్మలు తెచ్చి చూపిస్తే, "బొమ్మ బాగుంది. ఖాళీ పెట్టె ఏమంది?" అని అడుగుతుంది. వాళ్ళు బిక్కమొహం వేస్తారు.

అంత జాగ్రత్త మనిషి కూడా ఒకచోట కాలు జారింది. ఆ పనిలో ఉన్నవాళ్ళు మాత్రమే జారగలిగిన చోటు అది.

అప్పట్లో వాళ్ళ బృందం, తాగే నీళ్ళలో సీసం ఉందేమో పట్టి చూపే గాజు ముక్క ఒకటి తయారు చేస్తోంది. ముక్క నిండా జంటలు జంటలుగా బంగారు బద్దలు. దాని మీద వెలుతురు వేస్తే ఒక రంగు మాయమై, గ్రాఫులో అక్కడ లోయ పడుతుంది. సీసం అంటుకుంటే లోయ పక్కకు జరుగుతుంది. లోయ ఎంత సన్నగా ఉంటే జరిగింది అంత తేలిగ్గా తెలుస్తుంది. ఫలానా అంత సన్నగా తెస్తామని బృందం పెద్ద, అందరూ సార్ అనే ఆయన, పైవాళ్ళకు మాటిచ్చాడు. వదినది ఒప్పందం ఉద్యోగం. సమీక్షలో ఆ అంకె చూపిస్తే ఏడాది పొడిగిస్తారు, చూపించకపోతే ఆ విడతతో సరి. ఆ సంగతి ఆమెకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

వదిన గీసిన జంట బద్దలకు లోయ సూదిలా వచ్చింది. సార్ ఆ గ్రాఫును తన గోడకు అంటించుకున్నాడు.

అయితే ఆ లెక్క మొత్తం జంటకు కట్టింది కాదు. రెండు బద్దలూ అచ్చు ఒకేలా ఉన్నప్పుడు మొత్తం లెక్కించడం దండగ. మధ్యలో నిలువుగా ఒక అద్దం, అడ్డంగా ఒక అద్దం ఉన్నట్టు ప్రోగ్రాంకు చెబితే, పావు వంతు లెక్క కట్టి మిగతా ముప్పావు ప్రతిబింబంగా తీసుకుంటుంది. యంత్రాల శ్రమ పావుకు పడిపోతుంది. అందరూ చేసేదే, తప్పేం కాదు.

బద్దల బొమ్మ ఫైలు ఇవ్వాల్సిన రోజు పొద్దున క్యాంటీన్లో టీ తాగుతున్నాం. బద్దలను సన్నటి కిరణంతో నిజంగా గాజు మీద గీసేది ముసుగు బాబాయ్. దుమ్ము చొరబడని గదిలో ఒళ్ళంతా కప్పుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా పని చేస్తాడు కాబట్టి ఆ పేరు. గ్లాసు పట్టుకుని మా బల్ల దగ్గరకొచ్చాడు.

"ఏమ్మా, ఇవాళ మీ వంతు. గది మూసేలోపు ఫైలు పడెయ్యి. తప్పితే మీ వంతు మళ్ళీ చలికాలానికే, అందాకా నా మొహం చూడలేవు."

"ఇప్పుడు మాత్రం ఎక్కడ చూస్తున్నాం బాబాయ్, కళ్ళే కదా కనిపించేది" అంది వదిన.

బాబాయ్ నవ్వి కూర్చున్నాడు. "నిన్న నీ బొమ్మ చూశాలే. కవలపిల్లల్లా గీశావు. నా చేతిలో కవలలు పుట్టరమ్మా, ముందే చెప్తున్నా. ఎడమది కాస్త బొద్దుగా వస్తుంది."

"ఎప్పుడూనా?"

"అంత దగ్గరగా ఉంటే ఎప్పుడూనే. మొదటిది గీసేటప్పటికి కిరణం ఇంకా కుదురుకోదు. రెండోదానికి సర్దుకుంటుంది."

"ఎంత బొద్దు? చెబితే ముందే ఆ మేరకు సన్నగా గీస్తాను."

"ఒకసారి ఇంత, ఇంకోసారి అంత. అది ముందే చెప్పగలిగితే ఈ ముసుగు విప్పేసి జాతకాలు చెప్పుకుంటా."

వదిన నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టేసి, సగం టీ అలాగే వదిలి లేచింది. ఆమె వెనకే నేను యంత్రాల గదికి పరుగెత్తాల్సి వచ్చింది.

"ఏమైంది వదినా?"

"నిలువు అద్దం రెండు బద్దల మధ్య పెట్టాను. ఎడమదాన్ని లావు చేసినా ప్రోగ్రాం కుడిదాన్ని కూడా లావు చేసి చూపిస్తుంది. ఒకటి మాత్రమే లావైతే ఏమవుతుందో చూసే దారి నేనే మూసేశాను." ఆమె గొంతు తగ్గింది. "రెండూ ఒకేలా ఉంటే వెలుతురు తగిలి వాటి లోపల పుట్టే కరెంటు ఒకే వరసలో ఊగుతుంది. తేడా వస్తే ఒకటి అటు, ఒకటి ఇటు ఊగొచ్చు. అప్పుడు లోయ ఒకటి కాదు, రెండుగా చీలుతుంది. చీలితే వాటిలో ఏది పక్కకు జరిగిందో ఎవడు చెప్తాడు?"

"అయితే అద్దాలు రెండూ తీసేసి మొత్తం నడపండి."

"నీ దగ్గర యంత్రాలున్నాయా?"

లేవు. ముందు రోజే గదిలో ఒక ఏసీ చచ్చింది. సగం యంత్రాలు ఆపేసి ఉంచాను. అన్నీ వెలిగిస్తే కాసేపటికే వేడెక్కి వాటంతటవే పడుకుంటాయి. ఆ మాట చెప్పాను. వదిన బద్దల బొమ్మ వైపు చూస్తూ నిలబడింది. తర్వాత వేలితో తెర మీద అడ్డంగా ఒక గీత గీసింది.

"బాబాయ్ చెప్పింది ఎడమ కుడి తేడా. పైకీ కిందకీ తేడా లేదు. అడ్డం అద్దం అబద్ధం చెప్పదు, దాన్ని ఉంచేస్తాను. నిలువుది తీసేస్తాను. సగం యంత్రాలు చాలు."

లెక్క మొదలైంది. నేను యంత్రాల పక్క రేకులు విప్పేసి, ఆఫీసులో ఉన్న టేబుల్ ఫ్యాన్లన్నీ తెచ్చి ఎదురుగా పెట్టాను. కుర్చీ వేసుకుని వేడి చూపే అంకె వైపే చూస్తూ కూర్చున్నాను. ఎర్ర గీతకు రెండు మెట్లు కింద ఆడుతోంది. వదిన చూసేది వేరే అంకె, పెట్టెలో ఇంకా మిగిలిన వెలుతురు. వదిలిన వెలుతురు గోడల్లోకి ఇంకిపోయి, దాదాపు సున్నా అయ్యేదాకా లెక్క ఆపకూడదు. మధ్యలో ఆపితే గ్రాఫు నిండా లేని అలలు పుడతాయి. అలల్లో ఏది నిజం లోయో, ఏది ఆపడం వల్ల వచ్చిన చెత్తో చెప్పలేం.

పావు లెక్కలో ఆ వెలుతురు చకచకా చచ్చిపోయేది. ఇప్పుడు సగం దాకా దిగి, అక్కడే వేలాడుతోంది.

మధ్యాహ్నం సార్ తలుపు దగ్గరకొచ్చాడు. ఫ్యాన్ల గాలికి ఆయన చేతిలో కాగితాలు ఎగిరాయి.

"ఫైలు పంపారా అమ్మా?"

"ఇంకా లేదు సార్. ఒకటి సరిచూస్తున్నాను." జరిగింది క్లుప్తంగా చెప్పింది.

ఆ సంగతి అర్థం కాని మనిషి కాదు ఆయన. "చీలుతుందని తేలిందా, చీలొచ్చని అనుమానమా?"

"ఇప్పటికి అనుమానమే."

"అనుమానం మీద వంతు వదులుకుంటే మనకు మళ్ళీ గది దొరికేసరికి సమీక్ష అయిపోతుంది. మీ సంగతి కూడా ఆలోచించుకోండి. గ్రాఫు గోడ మీదుంది, అందరూ చూశారు. పంపించండి, వచ్చింది చూద్దాం."

"గది మూసేదాకా టైముంది కదా సార్."

"ఉంది. ఎక్కువ లేదు." ఆయన వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే నేనన్నాను, "ఆయన చెప్పిందీ నిజమే వదినా. పంపించేస్తే సమీక్షలో ఈ గ్రాఫే చూపిస్తారు. ముక్క వచ్చి, కొలిచి, తేడా తెలిసేసరికి మీ పొడిగింపు కాగితం మీద సంతకం అయిపోయి ఉంటుంది."

"అది నాకూ తట్టింది, నువ్వు చెప్పక్కర్లేదు" అంది. కసిరినట్టు కాదు. "ఆ ముక్క తీసుకెళ్ళి ఎవరింటి నీళ్ళలోనో ముంచుతారు. సీసం ఉన్నా లేదని చెప్తుంది. ఆ ఇంటివాళ్ళు నీళ్ళు తాగుతారు. నీ మాట బానే ఉంది గానీ, ముందు ఆ వేడి చూడు."

చూశాను. అంకె ఎర్ర గీతను తాకింది. ఒక యంత్రం పడుకుంటే లెక్క మొత్తం పోతుంది. ఉన్నవాటిలో ఏ లెక్కా చేయకుండా ఊరికే తిరుగుతున్న డిస్కుల పెట్టె ఒకటుంది, దాన్ని ఆపేశాను. ఫ్యాన్ ఒకటి నేల మీద నుంచి బల్ల మీదకు ఎక్కించాను. అంకె కాసేపు మొండికేసి, ఒక మెట్టు దిగింది. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఇంకా ఎంతసేపు వదినా? ఇది ఇంత సేపు పట్టడమేమిటి?"

"అదే చూస్తున్నా." ఆమె తెరకు ఇంకా దగ్గరగా జరిగింది. "వెలుతురు చావట్లేదంటే లోపల ఎక్కడో ఊగుతూ దాక్కుంది. పావు లెక్కలో దానికి దాక్కునే చోటే లేదు."

గ్రాఫు వచ్చేదాకా ఆగకుండానే పక్క తెర మీద కొత్త బొమ్మ గీయడం మొదలుపెట్టింది. అందులో జంటల్లేవు, దూరం దూరంగా ఒంటి బద్దలు. ఒంటి బద్ద ఎడమ పక్క ఉబ్బినా లోయ కాస్త జరుగుతుంది, చీలదు. కాకపోతే వెడల్పవుతుంది. మాటిచ్చిన అంకె రాదు. ఆ లెక్కకు నిలువు అద్దం పెట్టలేదు, బద్ద అంచును చేత్తో వంకర చేసి మరీ నడిపింది. చిన్న లెక్క, పక్కనున్న ఒక్క యంత్రం మీదే తొందరగా అయింది.

ఆ తర్వాత జంట లెక్క ముగిసింది. గ్రాఫులో రెండు లోయలు, నడుమ చిన్న గుట్ట. వదిన కాసేపు దాన్ని చూసి, రెండు గ్రాఫులూ కాగితం మీద తీసుకుని సార్ గదికి నడిచింది. తోడు రమ్మన్నట్టు నా వైపు చూస్తే వెళ్ళాను.

సార్ ముందు రెండు లోయల కాగితం చూశాడు. తర్వాత ఒంటి బద్దది.

"ఇంత వెడల్పా?"

"అవును సార్. కానీ బాబాయ్ చెయ్యి ఎటు పోయినా ఇది ఇలాగే ఉంటుంది. ఉబ్బు మార్చి మార్చి చూశాను."

"ఇది చెప్పిన అంకెలో సగం కూడా లేదు."

"లేదు సార్."

"సమీక్షలో ఈ మాట నేను చెప్పను. మీరు చెప్పాలి."

"చెప్తాను."

సార్ గోడ మీది సూది లోయ వైపు ఒకసారి చూసి, కాగితం తిరిగి ఇచ్చేశాడు. "గది మూసేస్తారు, వెళ్ళండి."

ఫైలు పంపి, అందిందో లేదోనని ఆమె ఫోన్ చేస్తే ముసుగు బాబాయ్ గొంతు నాకు దూరానికే వినిపించింది. "కవలలేరమ్మా? ఒక్కడే మిగిలాడేం?"

"నీ చేతిలో పుట్టరన్నావుగా బాబాయ్, నీ మాట నమ్మాను" అంది.

నేననుకున్నట్టు కాక, సమీక్షకు ముందే ముక్క వచ్చింది. కొలిస్తే వెడల్పాటి లోయ, లెక్కలో పడ్డ చోటే పడింది. సమీక్ష గదిలోకి నన్ను రానివ్వరు, బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి ఎవరిదో ప్రశ్న వినిపించింది, చెప్పిన అంకె ఏదని. తర్వాత చాలాసేపు వదిన గొంతే. మధ్యలో సార్ గొంతు ఒక్కసారి వినిపించింది. "చీలుతుందని ఆవిడ చూపించిన రోజు, ముందు పంపించెయ్యమన్నది నేను."

వదిన బయటికొచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుని చెప్పులు వదిలింది. అన్నయ్య నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తి, స్పీకర్ పెట్టింది.

"ఉద్యోగం ఉందా, పోయిందా?"

"ఆరు నెలలకు ఉంది. ఆ తర్వాత మళ్ళీ చూస్తారట."

"ఏడాది అడిగితే ఆరు నెలలేంటి, బేరం ఆడారా?"

"ఆడారు. చెప్పినదాంట్లో ఇంచుమించు సగం తెచ్చావు, సగం కాలం తీసుకో అన్నారు."

"నువ్వేమన్నావ్?"

"ఏసీ బాగు చేయించమన్నాను" అంది వదిన.