కంద పువ్వు మీద పిల్లి పక్షాన నా సాక్ష్యం

మొన్న బీరువా వెనక ఎలుక చచ్చి ఇల్లంతా కంపు కొడుతుంటే, చిన్నప్పుడు బాన్సువాడలో మా పిల్లి మీద పడిన నింద గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నిజాంసాగర్ కాలువ చూసి కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన పొరుగువాళ్లు మా అవ్వకు ఒక కందగడ్డ ఇచ్చారు. కోస్తే చేతులు దురద పెడతాయని అవ్వ దాన్ని కొట్టం వెనక పాతి మరిచిపోయింది. తొలకరి పడిన వారానికి ఇంట్లో కుళ్లిన కంపు మొదలైంది.

"గీ పిల్లే ఎలుకను సంపి యాడనో దాసింది. పొద్దుగూకేలోపు అది దొరకకుంటే, పిల్లిని సంచిల కట్టి బిచ్కుంద బండెక్కిస్త," అంది అవ్వ.

"ఎలుకను సూస్తే మన పిల్లే ఉర్కుతది అవ్వా. గది ఎట్ల సంపుతది?" అన్నాను. నా వాదన నిలవలేదు.

మధ్యాహ్నమంతా వెతికాను. కొట్టం వెనక, అవ్వ కంద పాతిన చోట, ఒక్క ఆకైనా లేకుండా, నేలలోంచి బుట్టంత ఎర్రటి పువ్వు లేచి ఉంది. దాని నిండా ఈగలు, చచ్చిన ఎలుక కంపు. పెరికి నేరుగా వంటింట్లోకి తెచ్చి, "ఎలుకను మింగింది పిల్లి కాదవ్వా, గిది," అన్నాను.

అవ్వ పొయ్యి మీద అన్నం వదిలేసి వాకిట్లోకి ఉరికింది.

"పిల్లిని ఇడిసిపెట్టిన. ఇగ నువ్వు ఇంట్లకు రాకు," అని అక్కడినుంచే తీర్పు చెప్పింది.

పిల్లి వచ్చి పువ్వును ఒకసారి వాసన చూసి, గోడ దూకింది. మళ్లీ రాలేదు. నా మీద అలిగిందని చాలా రోజులు బాధపడ్డాను. ఇప్పుడనిపిస్తుంది, దానికి నాకంటే ముక్కు బాగా పనిచేసేది, అంతే.