పేపర్ల పడ్డది నేను, పోయింది మా బావ

మా బావ పోయిండు. పొద్దుగూకినంక చాయ్ తాగుదమని అరుగు మీద కూసున్నోడు, గిలాస కింద పెట్టి గోడకు ఒరిగిండు, మళ్ళ లేవలే. ఆటోల ఏసుకొని ఉప్పల్‌ల దవాఖానకు ఉరికినం గని, ఆడ డాక్టర్ పిలగాడు సూసి తల అడ్డంగ ఊపిండు. ఇది నిజం. పక్కా నిజం. ఎందుకు గింత గట్టిగ సెప్తున్ననంటె, తెల్లారి పేపరోళ్ళు మా బావ పోయిండని రాసి, పైన నా ఫోటో ఏసిన్రు. ఆ పొద్దు మీల కొందరు నన్ను తల్సుకొని మంచోడుండె అన్నరట. నేను బతికుండంగ ఒక్కసారి గూడ అనని మాట. అన్న మాట అన్నరు, వాపస్ తీసుకునుడు లేదు.

మా బావ అంటె మా అక్క పెనిమిటి. నాచారం పాత ఊర్లె మా గల్లీ ఎనక గల్లీల ఉండె. పేపరుకు ఫోటోలు తీసుడు ఆయన పని. నేనేమో ఏడో తరగతి దాంక పోయిన. మా సారుకు నా మీద పాణం, మళ్ళొక్కసారి ఏడులనే కూసోమన్నడు. గంత ప్రేమ తట్టుకోలేక నాచారంల ఒక దారం మిల్లుల ఫిట్టర్ పనికి ఎక్కిన. గందుకె దీంట్ల తప్పులుంటె మీరే దిద్దుకొని సదువుకోండ్రి. సదువుకున్నోళ్ళకు ఏదో ఒక పని ఉండాలె గదా.

రీలు కెమెరాల కాలంల ఫోటోలు కడగనీకి ఆయనకు సపరేట్ రూము యాడిది? తానాల రూమే ఆయన ఫోటోల రూము. కిటికీకి నల్ల గొంగడి కట్టి, ఎర్ర బల్బు ఏసి, లోపటికెల్లి గొళ్ళెం పెట్టుకునేది. తొట్టిల మందు నీళ్ళు పోసి తెల్ల కాయిదం ముంచితె బొమ్మ మెల్లగ పైకొస్తది. నేను పొద్దుగాల డ్యూటీకి పోంగ అక్క కాడ చాయ్ తాగుదమని పోతె, అక్క చెంబు పట్టుకొని తలుపు కాడ నిలబడి ఉండేది.

"ఇంకెంత సేపు? నేను తానం జెయ్యాల్నా వద్దా?"

"జర ఆగే. మంత్రి గారు తేలుతున్నడు."

"తేల్తె తేలనియ్యి, నాకు పొయ్యి మీద పప్పు మాడుతున్నది!"

"మొఖం వచ్చింది, మీసాలు రావాలె. ఇప్పుడు తలుపు తీస్తె వెల్తురు తగిలి మనిషే ఉండడు."

"బావా, మీసాలు లేకుంటనే తీస్కరా, అక్క బొగ్గుతోని దిద్దుతది," అని నేను బయటికెల్లి అంటె లోపట ఒకటే నవ్వు. అక్క చెంబుల నీళ్ళు నా మీద పోసేది. మంత్రి గారికి పొయ్యాల్సినయి నాకు పోసింది.

నన్నైతె మా బావ మస్తు వాడుకున్నడు. వాన పడితె పేపరోళ్ళకు నీళ్ళు నిలిచిన రోడ్డు కావాలె, ఆ నీళ్ళల్ల ఒక మనిషి తిప్పలు పడాలె. నాచారంల నీళ్ళకు కొదువ లేకుండె, తిప్పలు పడే మనిషే కరువు.

"బావమరిదీ, గొడుగు పట్టుకొని జర గిటునుంచి గటు నడువు."

నడిసిన.

"మళ్ళ నడువు. గిప్పుడు మొఖం దుఃఖంగ పెట్టు."

"ప్యాంటు తడిసింది బావా, మొఖం దానంతటదే వచ్చింది, తియ్యి."

తెల్లారి పేపర్ల పడ్డది, 'వరద నీటిలో అవస్థలు పడుతున్న ఓ వృద్ధుడు' అని. అప్పటికి నా మీసం ఇంక నల్లగనే ఉండె. లడాయికి పోతె, "ఫోటో నాది, రాత డెస్కోళ్ళది, నాకేం సంబంధం?" అని తప్పించుకున్నడు. ఎండకాలం నెత్తి మీద తువ్వాల కప్పుకొని ఉప్పల్ చౌరస్తాల చెరుకు రసం తాగింది నేనే. చలికాలం మంట కాడ చేతులు కాపుకున్నది నేనే. మా గల్లీ పోరగాండ్లు నాకు వాన తాత అని పేరు వెట్టిన్రు. ఆయన మొఖం మాత్రం ఎవ్వరికి ఎర్క లేదు. ఎప్పుడు సూసినా కెమెరా అడ్డమే ఉండె.

పెండ్లిళ్ళల్ల గుంపు ఫోటో తీస్తె "ఎవ్వరు నవ్వొద్దు, నవ్వినోడు పక్కకు జరగాలె" అనేటోడు. ఇగ ఎవడు ఆగుతడు? అందరు పండ్లు బయట వెట్టేది. "నవ్వుమంటె ఏడుపు మొఖం పెడ్తరు, వద్దంటె ఆగరు, ఏం మనుషులే," అని అక్కతోని అనేది.

గిట్ల ఎకసెక్కాలాడేటోడే, పని కాడ ఇంకో తీరు. కెమెరా సంచిల ఎప్పటికి ఒక స్టీలు గిలాస ఉండేది. చాయ్ తాగనీకి అనుకున్న నేను. ఒకసారి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక షెడ్డుకు అగ్గంటుకున్నది. నేను గూడ మిల్లు గేటు కాడికెల్లి ఉరికిన. షెడ్డు పక్కపొంటి గుడిసెల ఉండే ఒకామె సామానంత కాలిపోయి, మట్టిల కూసొని ఏడుస్తున్నది. బావ ఆమె ముంగట మోకాళ్ళ మీద కూసొని ఫోటో తీసిండు. వేరే పేపర్లోళ్ళు గూడ తీసిన్రు, తీసి బండ్లకు కిక్కు కొట్టి ఆఫీసులకు ఉరికిన్రు. మా బావ గిలాస తీసుకొని బోరింగ్ కాడికి పోయిండు. నీళ్ళు తెచ్చి ఆమె చేతుల పెట్టిండు. ఆమె తాగలే. ఆమె తాగెదాంక ఈయన లేవలే.

"బావా, ఫోటో లేటైతది గదా," అన్న నేను.

"లేటైతె ఎల్లుండి ఏస్తరు. ఏడ్సేటోళ్ళ మొఖం ఉత్తగ తీస్కొని పోతర్రా? ఏమన్న ఇచ్చి పోవాలె."

ఆ ఫోటో ఎల్లుండి గూడ పడలే. ఆఫీసుల తిట్లు పడ్డయని అక్క సెప్పింది. గని గిలాస మాత్రం సంచిలకెల్లి తియ్యలే ఆయన. నాకు అప్పుడు ఏం సమజ్ కాలే. ఇప్పుడు గూడ సమజ్ అయిందని గట్టిగ సెప్పలేను. ఆమె పేరు గూడ అడగలే ఆయన.

ఇగ తెల్లారి ముచ్చటకు వస్త. బావను ఐసు డబ్బల పెట్టి, పొద్దెక్కినంక ఎత్తుదమనుకున్నరు. నేను మొఖం కడుక్కొని, చాయ్ కోసం చౌరస్తాల హోటల్‌కు పోయిన. హోటలాయన పేపరు పట్టుకొని ఉన్నడు. నన్ను సూసిండు, పేపరు సూసిండు, మళ్ళ నన్ను సూసిండు.

"తాతా... నువ్వేనా?"

"నేను గాక మీ అయ్యనా? చాయ్ పొయ్యి."

"కాదు తాతా, జర గీడ సూడు."

సూసిన. 'సీనియర్ ఫోటో జర్నలిస్ట్ ఇక లేరు' అని ఉన్నది. కింద బావ పేరు, పైన నా మొఖం. మెడల కెమెరా, ఛాతీ ముంగటికి, కలెక్టర్ సాబ్ లెక్క. ఒక్క నిమిషం నాకు గూడ డౌటొచ్చింది. చెయ్యి గిచ్చుకున్న. హోటలాయన నాకు చాయ్ ఇచ్చిండు గని, గిలాస చేతికియ్యలే, బల్ల మీద పెట్టి ఎనకకు జరిగిండు.

ఇటు మేడిపల్లికెల్లి మా మిల్లు దోస్తు బంతిపూల దండ తీస్కొని సీద మా ఇంటికే పోయిండట. మా కోడలు తలుపు తీసి, "మామయ్య పొద్దుగాల నుంచి ఇంట్ల లేడు," అన్నదట. "ఇగ ఎప్పటికి ఉండడు తల్లీ," అని వాడు గడప మీద కూలబడి ఏడ్సిండట. ఆఖరికి అసలు ముచ్చట తెలిసి, ఆ దండ తెచ్చి బావ మీద ఏసిండు. ఏసుకుంట నా దిక్కు ఎట్ల సూసిండంటె, నేనేదో మోసం జేసినట్టు.

అక్కకు సదువు రాదు. గని పెండ్లయిన కాన్నుంచి పేపరు సూడంది ఆమెకు పొద్దు పోదు, బావ తీసిన ఫోటో ఏదో వెతుక్కోవాలె. ఆ పొద్దు గూడ ఎవరో పేపరు తెచ్చి చేతికిచ్చిన్రు.

"వీడెందుకు పడ్డడు? వాన గూడ లేకపాయె," అన్నది.

మేనకోడలు, అంటె బావ బిడ్డ, పక్కన కూసొని సదివి వినిపిచ్చింది. అక్క నన్ను సూసింది, ఐసు డబ్బను సూసింది. ఒక్కసారి నవ్వింది. సావింట్ల కూసున్నోళ్ళందరు బిత్తరపోయిన్రు. ఇద్దరు ముగ్గురికి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నరు. ఆ నవ్వు యాడ ఏడుపయిందో నాకు తెల్వలే.

"ఊరోళ్ళ మొఖాలన్ని పేపర్లకు ఎక్కిచ్చిండు. ఆయన మొఖం ఒక్కనాడు పడలే. పోయిన దినమన్న పడ్తదనుకుంటె, గది గూడ నీ మొఖమేనారా? ఎండకు నువ్వే, వానకు నువ్వే, ఆఖరికి ఆయన సావుకు గూడ నువ్వేనా?"

పేపరు తీస్కొని, నా మొఖం లోపటికి పోయేటట్టు మడత పెట్టిన.

"తమ్మీ, దినాలయ్యే లోపట ఆయన మొఖం పేపర్ల సూడాలె నేను. నాకింకేం వద్దు," అన్నది.

ఇది ఎట్లయిందో మేనకోడలు సెప్పింది. పేపర్ ఆఫీసుకెల్లి ఫోన్ చేసి ఫోటో అడిగితె, ఆమె ఏడుపుల ఉండి, "డాడీ వాట్సాప్‌ల ఉంటది, తీస్కోండి" అన్నది. డెస్కుల ఉన్నోళ్ళంత కొత్త పోరగాండ్లు, బావను ఎన్నడు సూడలే. వాట్సాప్‌ల బావ నంబర్ మీద ఉన్న ఫోటో నాది. మెడల కెమెరా ఉన్నది గదా, గీయనే అనుకున్నరు. ఆళ్ళ జాగల ఉంటె నేను గూడ గట్లనే అనుకుంటుంటి.

ఆ ఫోటో ముచ్చట నాకు యాదికున్నది. బావ కొత్త కెమెరా కొన్ననాడు ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ పాత కెమెరా నా మెడల ఏసి, "జర మొయ్యిరా" అన్నడు. బరువు మోస్తున్నననుకున్న, ఆయనేమో కొత్త కెమెరాతోని నన్నే తీసిండు. దాన్ని తన నంబర్ మీద పెట్టుకున్నడని మాత్రం నాకు తెల్వదు. నా ఫోన్‌ల గంత చిన్న బొమ్మ నాకు యాడ కనపడ్తది?

"నీ ఫోటో పెట్టుకో డాడీ అన్న మామా," అన్నది మేనకోడలు. "నన్నెవడు గుర్తుపడ్తడు, వీన్నైతె ఉప్పల్ మొత్తం గుర్తుపడ్తది, ఉండనియ్యి అన్నడు."

ఇది పాణమా, ఎకసెక్కమా? మీరే సెప్పుండ్రి. నేనైతె ఒక పూట పాణమనుకుంట, ఒక పూట ఎకసెక్కమనుకుంట. అడుగుదమంటె మనిషి లేడు. తిడ్దమన్నా లేడు. నా మొఖం పెట్టుకొని ఇన్నేండ్లు ఎంతమందికి గుడ్ మార్నింగులు పంపిండో, ఎవరెవరు నన్ను సూసి బావ అనుకున్నరో.

సరే, బావను సాగనంపి, ఒక దినం ఆగి, ఉప్పల్‌ల మెట్రో ఎక్కి పేపర్ ఆఫీసుకు పోయిన. గేటు కాడ వాచ్‌మెన్ ఏం పని అన్నడు. "మొన్న నేను సచ్చిపోయినట్టు ఏసిన్రు, గా ముచ్చట మాట్లాడాలె," అన్న. పేపరు సూపిస్తె, లేచి నిలబడి మరీ లోపటికి పంపిచ్చిండు.

డెస్కు పిలగాడు నన్ను సూడంగనే తెల్లబోయిండు. "క్షమించండి తాతగారూ, పొరపాటైంది. రేపు సవరణ వేస్తాం, రెండు లైన్లు," అన్నడు.

"ఫోటో?"

"సవరణలో ఫోటో వేయరండి. అక్షరాలే."

"బిడ్డా, తప్పు జేసింది ఫోటోతోని, దిద్దేది అక్షరాలతోనా? మా అక్కకు సదువు రాదు. ఆ రెండు లైన్లు ఆమెకు సీమలు పాకినట్టు కనపడ్తయి. ఆమెకు మొఖం కావాలె."

పిలగాడు లేచి అద్దాల రూములకు పోయిండు, ఎవరితోనో మాట్లాడిండు. లోపటి మనిషి అద్దంలకెల్లి నన్ను సూసిండు. నేను జర దుఃఖంగ మొఖం పెట్టిన, అలవాటే గదా. గని గప్పుడు పెట్టాల్సిన పని లేకుండె, అదే ఉన్నది.

ఫోటో ఏస్తమన్నరు. నారపల్లిల మేనకోడలు ఇల్లు కట్టుకున్నప్పుడు, గృహప్రవేశం నాడు బావ బువ్వ బంతిల కూసున్న ఫోటో నా ఫోన్‌ల పంపిచ్చి ఉన్నది. పిలగాడు పెద్దగ జేసి సూసి, "ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది తాతగారూ, బాగుండదు, వేరేది ఉందా?" అన్నడు. నాకు పరేషానైంది. అక్కకు ఫోన్ కొట్టిన.

"ఆ కన్ను గట్లనే ఉంటది," అన్నది అక్క. "ఒక కన్ను కెమెరాకు పెట్టి, ఇంకోటి మూసి మూసి, అది మల్ల మొత్తం తెరుసుకోలే. రెండు కండ్లు తెరిసి ఉంటె అది ఆయన కాదు. వేరేటోన్ని ఏసిన్రంటె నువ్వు ఇంటికి రాకు."

గదే మాట పిలగానికి సెప్పిన. వేరేటోన్ని ఏస్తె నాకు ఇల్లు లేదు బిడ్డా అన్న.

ఒక దినం లేటుగ, ఎల్లుండి పడ్డది. మూలకు, అగ్గిపెట్టంత. కింద నేను బతికున్ననని గూడ రాసిన్రు, రాయకుంటె తెల్వదా అన్నట్టు. అక్క అరుగు మీద పేపరు ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. ఆ ఫోటో మీద బొటనేలు పెట్టి మెల్లగ రాస్తనే ఉన్నది, బువ్వ ఏళయ్యే దాంక. అచ్చు సిరా అంటుకొని ఏలు నల్లగయింది.

మేనకోడలు పల్లెంల అన్నం పెట్టి, చేతులు కడుక్కోమని చెంబుతోని నీళ్ళు తెచ్చింది. అక్క చెయ్యి చాపింది. చాపి, ఆ ఏలును సూసింది. మళ్ళ చెయ్యి ఒళ్ళె పెట్టుకున్నది.

"ఒక చెంచా తే బిడ్డా," అన్నది.

జీవితంల చెంచా పట్టలే మా అక్క. దావతులల్ల చెంచాతోని తినేటోళ్ళను సూసి, వీళ్ళకు చేతులు లేవా అనేటామె. ఏందక్కా, దొరసానివైనవా అందమని నోరు తెరిసిన. మళ్ళ మూసుకొని, పల్లెం ఆమె దిక్కు జర జరిపిన. అక్క ఎడమ చేత్తోని చెంచా పట్టుకొని తింటున్నది. మెతుకులు సగం కొంగు మీద పడుతున్నయి. కుడి చెయ్యి మాత్రం పక్కకు పెట్టుకున్నది, బొటనేలు దేనికి తాకకుంట.