ఎర్ర గుర్తు లేని ఇల్లు

డెబ్భైల చివర్లో, హిందీ ప్రాంతపు ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో మా సెక్టార్ వెనక, జాముల్ వెళ్లే దారి పక్కన, ఇరవై మూడు గుడిసెల ఊరొకటి ఉండేది. మా ఇంట్లోనూ పక్క క్వార్టర్లోనూ అంట్లు తోమే బాయి అక్కణ్ణుంచే వచ్చేది. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ వానాకాలం ఊళ్లో జ్వరాలు పట్టుకుని ఇద్దరు పోయారు. ఒకరోజు బాయి గిన్నెలు వదిలేసి మా ఆవిడ ముందు కూలబడింది.

“మైఁ టోన్హీ నోహఁవ్, దీదీ.”

నేను మంత్రగత్తెను కాను అంటోంది. హరేలీ పండగకి ముందు పంచాయితీ పెట్టి తేలుస్తారట. తేలిస్తే ఏం చేస్తారని మా ఆవిడ అడిగింది. బాయి తలమీది కొంగును రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది.

పండగ ఇంకా రెండు వారాలుంది.

పక్క క్వార్టర్లో విజయనగరం వైపు ఆఫీసరుగారుండేవారు. ఆ ఊరి మగవాళ్లు కొందరు ఆయన కిందే కాంట్రాక్టు కూలీలు. వచ్చి ఒక మాట చెప్పమని అడిగాను.

“ఏటి తమ్ముడూ, ఎవల రివాజు ఆళ్లది. మన వైపు చిల్లంగి పెట్టిందని పళ్లు రాలగొట్టలేదేటి? పైనోడెవడో వచ్చి మీరు మనుషులు కాదంటే ఊరుకుంటామా?”

“పళ్లు రాలినోళ్లని ఎవరైనా అడిగారేటండి?”

“హక్కులూ అవీ పేపర్లో రాసుకోడానికి బాగుంటాయి. ఆళ్ల మీద మన కొలబద్ద పెట్టడం కూడా ఒక రకం దొరతనమే.”

“గిన్నెకి జిడ్డు మిగిలితే మటుకు మన కొలబద్దే పెడతారు కదా, అన్నయ్యగారూ!” అంది మా ఆవిడ లోపల్నుంచి.

ఆయన నవ్వేసి పేపరు తీసుకున్నారు.

ఆయన మాటలో కొంత నిజముందని నాకూ అనిపించింది. అందుకే తీర్పు చెప్పకుండా లెక్క చూపిద్దామనుకున్నాను. ఎనిమిదితో చదువు ఆపినవాణ్ణి నేను. నేను పనిచేసే ప్లాంటు స్టోర్స్‌లో ఏ సరుకు ఎక్కడ తగ్గుతోందో గళ్లు గీసి పట్టుకోవడం సొంతంగా నేర్చుకున్నాను.

రెండు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగాను. గ్రాఫు కాగితం మీద గుడిసెకో గడి, మధ్యలో బావి. జ్వరమొచ్చిన ఇంటికి ఎర్ర పెన్సిల్. ఇరవై రెండు గళ్లు ఎర్రబడ్డాయి. తెల్లగా మిగిలింది బాయిది ఒక్కటే. ఆమె తాగేది మా కుళాయి నీళ్లు, రోజూ ఒక బిందె పట్టుకెళ్లేది. తప్పు బావిదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? మళ్లీ ఒకసారి లెక్కపెట్టి చూసుకుని, కాగితం ఊరిపెద్ద ముఖియాకిచ్చి, బావి మూయించమన్నాను.

ముఖియాకి చదువు రాదు. గళ్లన్నిటి మీదా వేలు నడిపించి, తెల్లగడి దగ్గర ఆపాడు.

“ఎకర్ ఘర్ కాబర్ బాఁచిస్, బాబూ?”

ఈ ఇల్లొక్కటే ఎందుకు మిగిలిందని. కుళాయి సంగతి చెప్పాను. రెండోసారి కూడా చెప్పాను. అతను ఎంతో మర్యాదగా తలూపి, కాగితాన్ని మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

ఆ సాయంత్రమే బాయిని మా ఇంట్లో ఉండిపొమ్మన్నాం. పారిపోతే ఒప్పుకున్నట్టేనని వెళ్లిపోయింది. తర్వాత నాలుగు రోజులు పనికొచ్చింది. అయిదో రోజు, హరేలీ పొద్దున, రాలేదు.

సెలవు పెట్టి వెళ్లాను. టోన్హీ గాలి సోకకుండా ప్రతి గుమ్మానికీ వేపమండలు గుచ్చి ఉన్నాయి. కమ్మరి వచ్చి ద్వారబంధాలకి మేకులు కొట్టి వెళ్లాడు. పంచాయితీ ముందురోజు రాత్రే అయిపోయిందట. బాయి గుమ్మానికి వేపమండ లేదు. మూసిన తలుపు మీద నా కాగితం, దాని తెల్లగడిలోంచి మేకు. గడప పక్కన మా బిందె సొట్టపడి దొర్లి ఉంది. ఆమె ఏదని అడిగాను. ఎవరి గుమ్మంలోకి వాళ్లు తప్పుకున్నారు.

అప్పుడే ఒక ముసలమ్మ బావిలోంచి తోడిన నీళ్లు లోటాతో తెచ్చింది.

“పానీ పీ లే, బాబూ.”

నీళ్లు తాగమనడం, ఇంటికొచ్చినవాడికి వాళ్లు చేసే మొదటి మర్యాద. గుమ్మాల్లోంచి అందరూ చూస్తున్నారు. ఆ నీళ్లు తాగని ఇల్లు ఊరు మొత్తానికి ఒక్కటే ఉండేది.

తాగాను.