బావ సంచుల్లో నా ఊపిరి

నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. బడే నన్ను మానేసిందంటుంది అక్క. అయినా లోకజ్ఞానంలో నన్ను మించినవాడు మా వీధిలో లేడు, ఒక్క బావ తప్ప. ఆయన బ్యాండులో బాకా ఊదేవాడు. ఊదితే నాలుగిళ్ల అవతల తీగ మీది తడిబట్టలు ఆరిపోయేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

జబ్బు ముదిరి ఆయన జీర్ణాశయం మొత్తం తీసేశారు. అప్పటినుంచి పిడికెడు తిన్నా బాత్రూముకు పరుగే. బాకా గోడకెక్కింది.

“ఊదాలంటే పొట్ట బిగించాలిరా. బిగిస్తే నలుగురిలో నా గతేంటి?” అనేవాడు తల దించుకుని.

పేగుల్లో సూక్ష్మజీవులు పెరిగాయేమో, ఊపిరి పరీక్షలో తేలితే మందిస్తామన్నాడు డాక్టరు. పరగడుపున గ్లూకోజు నీళ్లు తాగి, ఇరవై నిమిషాలకొక సంచి ఊది నింపాలి. సిస్టర్ ఆరు సంచులు బల్ల మీద పెట్టి పక్కగదిలోకి వెళ్లింది. రెండోది ఊదేసరికే బావకు చెమటలు పట్టాయి.

“బామ్మర్దీ, ఇక ఆగేట్టు లేదు. ఆవిడకు చెప్పకు, పరువు పోతుంది.”

“నువ్వెళ్లు బావా. ఇక్కడ నేను లేనూ?”

ఆయన బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. ఊపిరి బలం కొలుస్తారనుకున్నాను నేను. బాకా ఊదినవాడి పరువు నిలబెట్టాలి కదా! టైము చూసుకుంటూ మిగతా నాలుగూ నేనే ఊదాను, పగిలిపోతాయేమో అన్నంతగా. బావ బయటికొచ్చేసరికి ఆరూ నిండి బల్ల మీదున్నాయి.

సాయంత్రం డాక్టరు కాగితం చూశాడు. “పేగుల్లో ఆ జీవులుంటే వాటి గాలి ఊపిరిలో కనబడాలి. మీకేం లేదు. మందు అక్కర్లేదు, ధైర్యంగా ఉండండి.”

బావ నావైపు చూశాడు. ఊళ్లో నా నోటికి మూత లేదంటారు. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

“సార్, నాలుగు సంచుల్లో ఊపిరి నాది కాదు,” అన్నాడు చివరికి. “బాత్రూములోంచి రాలేకపోయాను. వీణ్ణి నేనే ఊదమన్నాను.”

ఆయన ఊదమనలేదు. అది కూడా నేను చెప్పలేదు.

డాక్టరు పిలిస్తే సిస్టర్ వచ్చింది. “చెబితే సంచి తలుపు దగ్గరికే తెచ్చేదాన్ని కదండీ. ఈ ఆపరేషనైనవాళ్లలో చాలామందికి ఇలాగే అవుతుంది. ఇందులో సిగ్గెందుకు?”

వారం తర్వాత మళ్లీ పరగడుపున రమ్మన్నారు. మందు లేకుండా ఇంకో వారం.

మెట్లు దిగుతూ బావ నా భుజం పట్టుకున్నాడు, ఓపిక లేక.

“ఈసారి మీ అక్కను తోడు తెచ్చుకుంటాలేరా,” అన్నాడు మెల్లగా.